హెడ్డు కురుమూర్తి పొత్తుల చాయ్

పోలీసు స్టేషన్ ఎదురుగా హోటల్ పెట్టుకుంటే చాయ్‌తో పాటు మనుషుల బుద్ధులు కూడా మరిగి పైకొస్తాయి. పెబ్బేరు సంతకు పోయే రోడ్డు మీద, మా మండలం స్టేషన్ ముందు పదిహేనేళ్లు చాయ్ పోశాను. అక్కడ నేను చూసిన ఘనుల్లో మొదటివాడు హెడ్ కానిస్టేబుల్ కురుమూర్తి.

ఆయన ఘనతల్లా రాజీలు చేయడం. మొగుడు కొట్టాడని ఏ ఆడమనిషి మెట్లెక్కినా కాగితం తీసేవాడు కాదు. వరండాలో అందరి ముందూ కూర్చోబెట్టి, నువ్వేం చేశావు, ఊరికే కొడతాడా అని మొదలుపెట్టేవాడు. ఆమె తలవంచుకునేసరికి మొగుడికి కబురు వెళ్లేది. వాడు రాగానే నాకు కేక, "పెంటమ్మక్కా, పొత్తుల చాయ్!"

ఒక గ్లాసు, ఒక సాసరు. మొగుడు సాసరులో సగం పోసి ఇవ్వాలి, పెళ్లాం తాగాలి. తాగితే రాజీ అయినట్టే. ఈ తంతు పుట్టించింది ఆయనే, అక్షింతలొక్కటే తక్కువ. ఆ చాయ్ పోసిన నేనూ తక్కువదాన్నేం కాదు.

పశువుల బేరగాడు చిన్నయ్య భార్య రాములమ్మ ఆ సాసరు మూడుసార్లు తాగింది. మూడోసారి ఆమె పెదవి చిట్లి ఉంది. వేడి చాయ్ తగలగానే ముఖం ముడుచుకుంది. కురుమూర్తి దాన్ని సిగ్గనుకుని నవ్వాడు.

2007లో, గృహహింస చట్టం కొత్తగా వచ్చిందని, ఇలాంటి కేసులు ఎలా దర్యాప్తు చేయాలో నేర్పడానికి పాలమూరులో పోలీసులకు రెండు రోజుల శిక్షణ పెట్టారు. ఎస్సైకి తీరిక లేదు, రైటరుకు పనుంది. లేకపోయినా ఏ పనీ ఆగదని కురుమూర్తిని పంపారు. ఆడవాళ్ల గోడు వినడం మా స్టేషన్‌లో అంత పెద్ద పని మరి.

అక్కడేం జరిగిందో తిరిగొచ్చాక ఆయనే చెప్పాడు. మొదటి రోజే లేచి తన పొత్తుల చాయ్ గురించి గొప్పగా చెప్పుకున్నాడట. పాఠం చెప్పే వనజ మేడం అంతా విని, ఆయన్ని కింద కూర్చోబెట్టి, మీరు దెబ్బలు తిన్న భార్య అనుకోండి అన్నదట. ఇంకో స్టేషన్ కానిస్టేబుల్ కుర్చీలో కూర్చుని, కురుమూర్తి ఎప్పుడూ అడిగే ప్రశ్నలే అడిగాడట. ముప్పై మంది పోలీసులు పడిపడి నవ్వుతుంటే మూడో ప్రశ్నకే ఈయన తలవంచుకున్నాడట.

"ఉత్త నాటకమేనక్కా. అయినా తల ఎత్తలేకపోయిన," అన్నాడు.

ఉత్త నాటకానికే! నిజంగా తన్నులు తిని వచ్చిన మనిషికి ఎలా ఉంటుందో తెలియడానికి ఇరవై రెండేళ్ల సర్వీసు చాలలేదు ఈ మహానుభావుడికి. మిగిలినవాళ్లు ఇంకా నయం, శిక్షణ ఎలా ఉందని అడిగితే కోడికూర బాగుందని రాసిచ్చి వచ్చారట.

పది రోజులకు రాములమ్మ నాలుగోసారి వచ్చింది. విరిగిన ఎడమ చెయ్యిని పాత గుడ్డతో మెడకు కట్టుకుంది. వెనకే చిన్నయ్య. ఎస్సై లోపలి నుంచే పొత్తుల చాయ్ చెప్పమన్నాడు. నేను తీసుకెళ్తే కురుమూర్తి సాసరు నాకే తిరిగిచ్చి, గ్లాసు మొత్తం రాములమ్మ పక్కన పెట్టాడు. చిన్నయ్యను బయట ఉంచి, ఆమెను గదిలోకి తీసుకెళ్లి, నన్ను తోడు కూర్చోమన్నాడు. నువ్వేం చేశావని అడగలేదు. ఏం జరిగిందని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాశాడు. రాజీ మానేసి ఇదేం పిచ్చని ఎస్సై తలుపు దగ్గర కసిరితే, దవాఖానకు పంపాలి సార్ అని మాత్రం అన్నాడు.

రాసింది చదివి వినిపించి, ఇంకేమైనా ఉందా అని అడిగాడు. మెప్పు కోసం ఎదురుచూస్తున్న ముఖం. నాకు ఒళ్లు మండింది. రాములమ్మ చాయ్ ముట్టలేదు.

"గా మూడుసార్లు గూడ రాయి సారు," అంది. "నేనొచ్చిన ప్రతిసారి నువ్వు చాయ్ తాపి ఇంటికి తోలినవని రాయి. గట్ల తోలినందుకే చెయ్యి ఇరిగిందని రాయి."

కలం ఆగింది. ఆయన నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. ఆ మాట రాస్తే ఉద్యోగానికే ముప్పని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

మళ్లీ కాగితం మీదికి వంగి, ఎప్పుడెప్పుడు వచ్చావని అడిగాడు. పీర్ల పండుగ మరుసటి రోజు, పత్తి తీసే రోజుల్లో, ఉగాదికి ముందు సంతనాడు అని ఆమె చెప్పింది. అవన్నీ రాశాడు. వెనక్కి పంపింది హెడ్ కానిస్టేబుల్ కురుమూర్తి అని కూడా తన చేత్తోనే రాశాడు.

ఆ పేరు ఇంకోసారి చదవమంది రాములమ్మ. విన్నాకే వేలిముద్ర వేసింది.