ఒక్క గీత

ఇవాళ కొలిమి మూత తీయగానే కాలిన వేరుశనగ పొట్టు వాసన ముక్కుకు తగిలింది. ఆ వాసనకు నాకు ఎప్పుడూ కరుణమ్మ మేడమే గుర్తొస్తారు. ఇనుప ఖనిజాన్ని బొగ్గుకు బదులు ఈ పొట్టుతో, తక్కువ వేడిలో ఇనుముగా మార్చే పద్ధతి ఆమెది. హిందూపురంలో మా చిన్న ఫ్యాక్టరీ ల్యాబుకు ఆమె పెద్ద. నేను డిప్లొమా ముగించి ఆమె కింద చేరిన కెమిస్టును.

ఆమె నియమం ప్రకారం ప్రతి ట్రయల్ అంకెలూ రఫ్ పుస్తకంలో పెన్నుతోనే రాయాలి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టాలి, కింద అంకె కనబడాలి. ట్రయల్ చూసినవాళ్లెవరైనా అడుగున సంతకం చేయాలి. "సదువు రాకుంటే ఏలిముద్ర. సూసినోడు సూసినోడే" అనేవారు.

మసి మరకల ఆ పుస్తకాలంటే నాకు చిరాకు. కాలేజీలో అలవాటైనట్టు అన్నీ ఫెయిర్ రికార్డులోకి ఎత్తాను: తేదీ, ఉష్ణోగ్రత, పొట్టు పాళ్లు, చూసినవారి పేర్లు. తర్వాత రఫ్ పుస్తకాలను పాత పేపర్లవాడికి వేసేశాను.

కొన్నాళ్లకు ఒక పెద్ద కంపెనీ అదే పద్ధతికి పేటెంటు కోరిందని తెలిసింది. అది వాళ్లకు దక్కితే మా కొలిమి ఆరిపోవాల్సిందే. వాళ్ల దరఖాస్తుకు ముందే ఈ పని నలుగురి ఎదుటా జరిగిందని మేము రుజువు చేయాలి. గర్వంగా నా ఫెయిర్ రికార్డు తెచ్చి మేడం ముందు పెట్టాను.

"రఫ్ యాడ?"

చెప్పాను. ఆమె కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు. "ఫ్రేము దాచిపెట్టి ఫోటో అమ్మేసినావు కదబ్బా."

"కొత్త పుస్తకంలో రాసి, మసి పూద్దాం మేడం."

"దొంగ పుస్తకంతో గెలిస్తే పద్ధతి మనదెట్లయితాది? నీ లిస్టులో పేర్లుండాయి కదా. లెయ్, పోదాం."

మొత్తం తొమ్మిది పేర్లు. పెనుకొండలో మాకు పొట్టు తోలే ట్రాక్టరు డ్రైవరు మమ్మల్ని చూసి నవ్వాడు. "నా ఏలికి సిరా పూస్తిరి కదా మేడం, మరిస్తానా?" ధర్మవరంలో శెనక్కాయ మిల్లు యజమాని మాత్రం మొండికేశాడు. "ఈ కోర్టు పంచాయితీలు మాకెందుకమ్మా?"

"నువ్వు సూసిందే రాయమంటాండా. సూడనిది కాదు" అని మేడం అక్కడే బెంచీ మీద కూర్చున్నారు. అలా మూడుసార్లు వెళ్లాం. మూడోసారి అతడే కాగితం అడిగాడు.

చివరికి తొమ్మిదిమందిలో ఏడుగురు ప్రమాణపత్రాలు ఇచ్చారు. ఎనిమిదోది మేడం నన్ను రాయమన్నారు: రఫ్ పుస్తకాలు పారేసింది నేనేనని. నేను పెన్ను మూత పెట్టేశాను.

"నీ తప్పు మీద గూడా ఒక్క గీతేనబ్బా. కింద కనపడాల" అన్నారు.

రాశాను. విచారణలో అవతలి వకీలు దాని మీదే గుచ్చి గుచ్చి అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ కంపెనీకి పేటెంటు ఇవ్వలేదు. ఆ ఉత్తర్వు వచ్చేనాటికి మేడం లేరు.

ఇవాళ్టి ట్రయల్ కుదరలేదు. ఒక అంకె తప్పు రాశాను. దాని మీద ఒక్క గీత కొట్టి, పొట్టు దించుతున్న పెనుకొండ డ్రైవరుకు పుస్తకం చూపించాను.

"చెడిపోయిన దానికి గూడానా అప్పా?" అంటూనే అతడు వేలు చాచాడు.