కంప్యూటర్ ఇచ్చిన గది

పద్దెనిమిది నిండాక నన్ను అనాథాశ్రమంలో ఉండనివ్వలేదు. పన్నెండు రోజులు ఒంగోలు బస్టాండులోనే గడిపాను. అక్కడికి ఒక సంస్థ నుంచి ఒక మేడం ట్యాబ్ పట్టుకుని వచ్చింది. నీకెవరున్నారు, ఎక్కడ తింటున్నావు, ఎవరైనా కొట్టారా అని వరసగా అడిగింది. ఆ జవాబులు చూసి ఎవరికి ముందు గది ఇవ్వాలో ఏఐ తేలుస్తుందట. నాకెవరూ లేరు కాబట్టి వారంలో గది వచ్చింది.

పక్క గది అమ్మాయిది చీమకుర్తి. అమ్మానాన్నలు పోయాక, తాగొచ్చి కొట్టే అన్న దగ్గర్నుంచి పారిపోయి వచ్చింది. ఇద్దరం ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్లం. ఎంత కారం వేసినా చాలదనేది.

మేడం నెలనెలా వచ్చి అవే ప్రశ్నలు అడిగేది. ఒకసారి, ఇంటివాళ్లతో మాట్లాడుతున్నావా అంటే ఆ అమ్మాయి అవునంది. అన్న ఫోన్ చేసి ఏడ్చాడని, తాగుడు మానేశానన్నాడని సంబరంగా చెప్పింది. నాకెందుకో భయమేసింది. మేడం కూడా ఒక్క క్షణం వేలు ఆపింది. తర్వాత 'అవును' మీద నొక్కింది.

పది రోజులకి ఆ అమ్మాయికి మెసేజ్ వచ్చింది. ఇంటి ఆసరా ఉంది కాబట్టి నెలాఖరుకి గది ఖాళీ చేయాలట. నేను మేడంకి ఫోన్ చేసి బతిమాలాను. ఇంతకంటే కష్టంలో ఉన్నవాళ్లు బయట ఎదురుచూస్తున్నారంది. అది అబద్ధమేమీ కాదు.

అన్న దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "నువ్వు మాత్రం ఎవరూ లేరనే చెప్పవే" అంది.

మొదట్లో రోజూ ఫోన్ చేసేది. తర్వాత, పక్కన ఎవరో వింటున్నట్టు ముక్తసరిగా మాట్లాడేది. ఆ తర్వాత స్విచాఫ్. ఒక ఆదివారం గ్రానైట్ లారీల వెనకాల దుమ్ము మింగుతూ చీమకుర్తి వెళ్లాను. వాళ్లన్న గుమ్మంలో అడ్డంగా నిలబడి, చెల్లెలు పనికెళ్లిందన్నాడు. ఎక్కడ పని అని అడిగితే చెప్పలేదు. లోపల దండెం మీద ఆమె చున్నీ ఉంది. సాయంత్రం దాకా ఎదురింటి అరుగు మీద కూర్చున్నాను. రాలేదు.

మర్నాడు మేడంని పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్లి కంప్లయింట్ రాయించాను. ఇంతవరకూ ఏ కబురూ లేదు.

ఆరోజు మేడం తన ట్యాబ్ నాకు చూపించింది. ఆ అమ్మాయి పేరు పక్కన ఆకుపచ్చ రంగులో 'కుటుంబంతో కలిసింది' అని ఉంది. మార్చమన్నాను.

"మార్చడానికి దీంట్లో చోటు లేదమ్మా" అంది మేడం. మరి అది అలా ఉంటే ఏమవుతుందని అడిగాను. ఇలా మంచి జరిగిందని రాసి ఉన్న వాళ్లందరినీ చూసే, తర్వాత ఎవరికి గది అక్కర్లేదో ఏఐ నేర్చుకుంటుందని మెల్లగా చెప్పింది.