జాన్ బాషా చెప్పిన చివరి ఎపిసోడ్

మా నెట్ కంపెనీ పెట్టె బిగించిన గదిలో దాదాపు మూడొందల పాత వీడియో క్యాసెట్లున్నాయి. ఒక్కటీ ఆడదు. కొన్నిటికి బూజు పట్టింది, కొన్నిటి అట్టలు ఎలుకలు కొరికాయి. అవి తీసి పారేస్తే రెండో పెట్టెకి చోటు దొరుకుతుందని ఇంటాయనతో అన్నాను. ఇంటాయన పేరు జాన్ బాషా. అరవై దాటాయి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక టెస్టర్ ఉంటుంది. దాంతో ఇప్పుడాయన చూసేదేమీ లేదు, అలవాటు కొద్దీ పెట్టుకుంటాడు.

"నీ పెట్టె బయట పెట్టుకో. క్యాసెట్లు ముందొచ్చాయి," అన్నాడు.

ఆ ఊరు వినుకొండకి పద్నాలుగు కిలోమీటర్లు. నేను ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో వదిలేసి ఇళ్లకి నెట్ వైర్లు లాగే పనిలో చేరాను. నాకు ముందు ఆ ఊళ్లో వైర్లు లాగింది జాన్ బాషా గారే. పద్దెనిమిదేళ్లు ఊరికి కేబుల్ ఆయనదే. డాబా మీద డిష్ గొడుగు, దాని కిందే ఈ గది. గదికి ఉన్నది ఒకటే కిటికీ. అందులోంచి చూస్తే వీధి, వీధికి అవతల వెంకటరావమ్మ పిన్ని ఇంటి తలుపు.

మొదట్లో ఆయన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు. పాత కేబుల్ వాళ్లని చాలామందిని చూశాను, అందరూ ఒకేలా గొణుగుతారు. ఈయన గొణగడు. అదే నాకు విచిత్రంగా అనిపించి, ఆ క్యాసెట్ల సంగతేంటని అడిగాను.

అప్పట్లో పల్లెల్లో కరెంటు పోయేది పగలే. ఆడవాళ్లు చూసే సీరియళ్లు వచ్చేదీ ఆ వేళకే. బాషా గారికి లారీ బ్యాటరీతో నడిచే ఇన్వర్టర్ ఉండేది. ఊరంతా టీవీలు ఆరిపోయి ఉంటే ఆయన మేడ మీద ఒక్కడూ సీరియల్ రికార్డు చేసి, సాయంత్రం కరెంటు వచ్చాక ఊరికి మళ్లీ వేసేవాడు. దాన్నే ఊళ్లో "రిపీట్" అనేవాళ్లు. వెయ్యబోయే ముందు టైటిల్ పాట రెండుసార్లు వేసేవాడు. మొదటిసారి పాట వినపడగానే కల్లాల్లో మిరపకాయలు ఎగదోస్తున్నవాళ్లు గంపలు దించేవాళ్లు. రెండోసారి పాట అయ్యేలోపు కాళ్లు కడుక్కుని టీవీ ముందుండేవాళ్లు. ఎవరింటి కిటికీలోంచి వినపడినా సరే, అదే వాళ్లకి పిలుపు.

"ఎవరైనా చెప్పారా మీకు, అలా వెయ్యమని?"

"ఎవరు చెబుతారు? ఒకసారి వేస్తే సగంమంది సగంలో వచ్చి, మొదట్నుంచీ వెయ్యమని నా ప్రాణం తీసేవాళ్లు."

ఆ పాట నేను ఆ ఊరు వెళ్లిన మొదటి వారంలోనే విన్నాను. బాషా గారింటి పక్కన రేకుల షెడ్డు ఉంది. ఫిబ్రవరి నుంచి అందులో పది పన్నెండు మంది ఆడవాళ్లు కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తారు, రంగు పోయిన తాలు కాయలు వేరు చేస్తారు. ఆ ఘాటుకి నేను గుమ్మంలోనే తుమ్మేవాణ్ణి. మధ్యలో ఒక గంప బోర్లించి దాని మీద ఫోను నిలబెట్టుకునేవాళ్లు. "వాన వెలిసిన వాకిలి" అని, ఇరవై ఏళ్ల పైమాటే, ఒక సీరియల్. అది తీసిన కంపెనీ వాళ్లే ఇప్పుడు రోజుకి నాలుగు ఎపిసోడ్లు నెట్లో పెడుతున్నారు. ముందు ఒక సన్నాయి ముక్క, ఆ వెంటనే ఆడగొంతు. "వాకిలీ వాకిలీ, వచ్చిందెవరో చెప్పవే" అని నిమిషన్నర పాట. నాలుగు ఎపిసోడ్లకీ నాలుగుసార్లు.

రెండో ఎపిసోడ్‌కి నేను చెయ్యి చాపి పాట దాటించబోయాను. సర్దార్‌బీ అని, షెడ్డులో అందరికంటే నోరున్న మనిషి, నా చేతి మీద ఒక్కటేసింది.

"ఏం నెట్టబ్బాయ్, నీ కంచంలో ముద్ద మేమేమన్నా తీశామా?"

"అదే పాట గదా ఇందాక విన్నది."

"అన్నం పొద్దున తిన్నావు గదా, మళ్లీ ఎందుకు తింటున్నావు?"

అందరూ నవ్వారు. చేతులు మాత్రం ఆగలేదు.

నాకు అర్థం కానిది ఇంకోటుంది. కథ వాళ్లకి తెలుసు. ఎవరు ఎవర్ని మోసం చేస్తారో ముందే చెప్పుకుంటారు. మరి ఏం చూస్తున్నారు? నాలుగు రోజులు కూర్చుంటే తెలిసింది. తెర మీద సువర్చల, అంటే కథానాయిక, ఏడుస్తుంటే ఒకావిడ, "ఇది వచ్చిన రోజే మా గేదె ఈనింది," అంటుంది. ఇంకొకావిడ, "అప్పటికి మా అత్త బతికే ఉంది, ఈ సీనుకి గుడ్లప్పగించి చూసింది," అంటుంది. వాళ్లు చూసేది సీరియల్‌ని కాదు, అది చూసిన రోజుల్ని. వెంకటరావమ్మ పిన్ని మాత్రం ఏమీ అనేది కాదు. పాట వచ్చినప్పుడు చేతిలో కాయ అలాగే పట్టుకుని, పాట అయ్యాక తొడిమ తీసేది.

ఇంకొకళ్లు కూడా వింతగా ఉండేవాళ్లు. బాషా గారే. సన్నాయి ముక్క వినపడగానే ఎక్కడున్నా లేచి మసీదు వైపో, బస్టాండు వైపో వెళ్లిపోయేవాడు. ఏళ్ల తరబడి రోజూ ఆ పాట రెండుసార్లు వేసిన మనిషి, ఇప్పుడది వినపడితే పారిపోతున్నాడు. అడిగితే, "మిరప ఘాటు పడటం లేదు," అన్నాడు. ఆ ఊళ్లో పుట్టినవాడు చెప్పే మాటేనా అది?

మూడు వారాలయ్యాక ఒక మంగళవారం ఆయనే మేడెక్కి వచ్చాడు. టెస్టర్ తీసి, చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"అబ్బాయ్, గురువారం చివరి ఎపిసోడ్ పెడతారంట. ఆ రోజు మధ్యాహ్నం ఊరికి నెట్ ఆపగలవా?"

"ఆపితే నా ఉద్యోగం పోతుంది. పైగా లాభం లేదండి, వాళ్ల ఫోన్లో సిమ్ముంది. నేను ఆపితే అదాగదు."

"ఆ టవర్ని కూడా ఏమీ చెయ్యలేవా?"

"బాషా గారూ, అసలు సంగతి చెప్పండి."

చెప్పాడు. కిటికీ దగ్గర నిలబడి, నా వైపు చూడకుండా చెప్పాడు.

ఆ సీరియల్ చివరి రోజున కూడా మధ్యాహ్నం కరెంటు లేదు. ఆయన రికార్డు పెట్టి, తెగిన వైరు అతికించడానికి ఊరి చివర స్తంభం ఎక్కాడు. మామూలుగా అరగంట సీరియల్. ఆ రోజు గంట వేశారు. ఆ సంగతి ఆయనకి తెలీదు. క్యాసెట్‌లో మిగిలింది నలభై నిమిషాలే, ముందు భాగంలో ఎవరిదో నిఖా వీడియో ఉంది, దాన్ని చెరపకూడదని ఆ తర్వాతే రికార్డు పెట్టాడు. సాయంత్రం రిపీట్ వేస్తే కథ మంచి పట్టులో ఆగిపోయింది. సువర్చలని వదిలేసి వెళ్లిన మొగుడు తిరిగొచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఆమె తలుపు దగ్గరికి నడిచింది. అక్కడితో బొమ్మ పోయింది. ఊరంతా టీవీల ముందే ఉంది.

బాషా గారు టైటిల్ అట్ట తెర మీద పెట్టి మైకు తీసుకున్నాడు. "బొమ్మ చెడింది. మధ్యాహ్నం నేను చూశాను, కథ చెబుతాను వినండి," అన్నాడు. ఆయన చూసింది స్తంభం మీది వైరు. చూడలేదని చెబితే ఊరు ఊరుకోదని భయం. ఏం చెప్పాలో తోచక కిటికీలోంచి బయటికి చూశాడు. ఎదురింటి అరుగు మీద యలమందయ్య కూర్చుని ఉన్నాడు.

యలమందయ్య వెంకటరావమ్మ పిన్ని మొగుడు. కందుకూరు వైపు పొగాకు పనులకి వెళ్లి అక్కడ ఇంకో సంసారం పెట్టాడు. మూడేళ్లకి తిరిగొచ్చింది ఆ సాయంత్రమే. తలుపు వేసి ఉంది.

"నాకు కనపడిందే చెప్పాను," అన్నాడు బాషా గారు. "సువర్చల తలుపు తియ్యలేదు, లోపల కూతురికి జడ వేసుకుంటూ కూర్చుంది, అతను చీకటి పడేదాకా చూసి వెళ్లిపోయాడు అని. చెప్పి పాట రెండుసార్లు వేశాను. పాట అయ్యాక కిందకి చూస్తే యలమందయ్య లేడు. బస్సెక్కాడంట. మళ్లీ రాలేదు. అక్కడే పోయాడు."

"పిన్ని మీ మాట వినే తలుపు తియ్యలేదని మీ అనుమానం."

"అనుమానం కాదు. ఆవిడే పదిమందితో అంది. సువర్చల చేసిందే నేనూ చేశానని. ఒంటరిగా కూలికెళ్లి పిల్లని పెంచింది. గురువారం ఆ సువర్చల తలుపు తీస్తే ఏమంటావు? నా సంసారం నీ నోటితో కూల్చావంటే ఏం చెప్పను?"

"ఇంతకీ తీసిందా, లేదా?"

"నాకేం తెలుసు? ఎవర్నీ అడగలేదు. ఇరవై ఏళ్లలో ఎన్నిసార్లు గుంటూరు వెళ్లినా అడగలేదు."

నేను ఆ రాత్రే వెతికాను. ఎక్కడా లేదు. ఇంత నెట్ చేతిలో పెట్టుకుని ఒక తలుపు తెరుచుకుందో లేదో కనుక్కోలేకపోయాను. ముందే పిన్నికి చెప్పెయ్యమని మర్నాడు బాషా గారికి సలహా ఇచ్చాను. "నీకు చెప్పడమే తప్పయింది," అని దిగి వెళ్లిపోయాడు.

గురువారం మూడింటికి షెడ్డులో పాట మొదలైంది. బాషా గారు మసీదు వైపు వెళ్లలేదు. వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"భాయ్‌కి ఇవాళ ఘాటు తగ్గినట్టుందే," అంది సర్దార్‌బీ.

ఆయన నవ్వలేదు. నలభై నిమిషాలు అందరూ తొడిమలు తీస్తూనే చూశారు. మొగుడు వాకిట్లోకి వచ్చాడు. సువర్చల తలుపు దగ్గరికి నడిచింది. గడియ తీసింది. అతను కాళ్ల మీద పడ్డాడు, ఆమె లేవనెత్తింది, వాన వెలిసింది, పాట వచ్చింది.

"ఇదేంటి?" అంది ఎవరో. "తియ్యలేదు గదా."

అందరూ గుమ్మం వైపు తిరిగారు.

"నేను చూడలేదు," అన్నాడు బాషా గారు. "ఆ రోజు నేను స్తంభం మీదున్నా. క్యాసెట్ అయిపోయింది. అల్లి చెప్పాను."

వెంకటరావమ్మ పిన్ని చేతిలో కాయ చాలాసేపు అలాగే ఉంది. తర్వాత తొడిమ తుంచి కాయని కుప్పలో పడేసింది.

"అల్లితే అల్లావు. జడ సంగతి నీకెలా తెలుసన్నా? నేనప్పుడు మా పిల్ల హారికకి జడే వేస్తున్నా. ఒళ్లు జలదరించింది. టీవీలోంచి నన్నెవరో చూస్తున్నారనుకున్నా."

"రోజూ ఆ వేళకి వేస్తావు గదమ్మా. నాకు పైనుంచి అరుగూ, ఆయనా కనపడ్డారు. తలుపు వేసుంది. నువ్వు తియ్యవేమో అనుకుని అది చెప్పాను."

పిన్ని మొహం చూస్తే నాకు భయం వేసింది. ఆవిడ మాత్రం నవ్వేసింది, అదీ పూర్తిగా కాదు.

"తియ్యకపోవడమేంటి? వీధి పిల్లలు వచ్చి గోల చేస్తారని గడియ పెట్టుకున్నా. ఆయన తలుపు కొట్టాడు, గొంతు గుర్తుపట్టా. మూడేళ్లు రానివాడు ఓ అరగంట కూర్చోలేడా, సీరియల్ అయ్యాక తీద్దామనుకున్నా."

బాషా గారు గుమ్మం పట్టుకున్నాడు.

"అంటే నేను చెప్పకపోతే..."

నాకు నోరాగలేదు. "తీసుంటే బాగుండేదా పిన్నీ?" అని అడిగేశాను. సర్దార్‌బీ నన్ను చూసిన చూపుకి ఇంకొకడైతే చచ్చేవాడు.

"ఏమో అబ్బాయ్. ఆ రోజు కథ చెప్పాక బాషన్న పాట రెండుసార్లు వేశాడు. మొదటిసారి ఆ సువర్చల గురించే ఆలోచించా, భలే పని చేసిందని. రెండోసారి లేచి గడియ దగ్గరికి వెళ్లా. పాట అయ్యేదాకా నిలబడ్డా. గడియ మీద చెయ్యి వేశా కూడా. ఈ చెయ్యే. ఆయన అవతల దగ్గాడు. తియ్యబుద్ధి కాలేదు. అది ఈయన చెప్పినందుకంటావా?" బాషా గారి వైపు చూసింది. "నువ్వు చెప్పింది సువర్చల సంగతి. గడియ దగ్గర నేనే ఉన్నా."

"మరి ఊళ్లో అందరితో సువర్చల చేసిందే చేశానన్నావు," అన్నాడు ఆయన.

"వాళ్లతో ఏమని చెప్పమంటావు? నాకు తియ్యబుద్ధి కాలేదంటే ఊరుకుంటారా? సువర్చల చేసిందంటే ఊరుకున్నారు."

బాషా గారు ఒక గంప బోర్లించుకుని కూర్చున్నాడు. ఎవరో మంచినీళ్లిచ్చారు. సర్దార్‌బీ ఫోను వైపు చెయ్యి చూపించి, "ఇందులో ఉన్నది ఏం ముగింపు, కాళ్ల మీద పడగానే లేవనెత్తిందంట, ఏం మొహం అది," అంది. ఒకరిద్దరు సువర్చలని వెనకేసుకొచ్చారు. కాసేపు వాదన జరిగింది.

వెంకటరావమ్మ పిన్ని వాదనలోకి రాలేదు. "అన్నా, ఆ రోజు చెప్పావే, మళ్లీ ఒకసారి చెప్పు," అంది.

"ఏది?"

"నువ్వు అల్లిందే."

"మైకు లేదు గదమ్మా."

"ఇంత దగ్గర్లో మైకెందుకు?"

సర్దార్‌బీ ఫోనులో మొదటికి జరిపింది. సన్నాయి ముక్క వచ్చింది. నా చెయ్యి నా దగ్గరే పెట్టుకున్నాను. పాట ఒకసారి అయింది, ఆవిడ మళ్లీ వేసింది. రెండోసారి కూడా అయ్యాక బాషా గారు గొంతు సవరించుకుని, ఊరంతటికీ వినపడాలన్నట్టు చెప్పడం మొదలుపెట్టాడు. ఈసారి ఆయన కిటికీలోంచి చూసి చెప్పలేదు. తొడిమలు తీస్తున్న ఆ చేతుల్ని చూస్తూ చెప్పాడు.

మర్నాడు నేను రెండో పెట్టెని మెట్ల కింద గోడకి బిగించాను.