సుక్క బర్రెకు ప్రపంచ దిష్టి

ఆ రోజుల్లో నేను రాసింది ఎవరూ చదవకపోతే తప్పు చదవనివాళ్ళదే అనుకునేంత ధైర్యం నాకుండేది. ఇరవై మూడేళ్ళ వయసు, అబిడ్స్‌లో ఒక ప్రైవేటు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని ఉత్తరాలు కొట్టే ఉద్యోగం, గౌలిపురలో రెండు గదుల అద్దె ఇల్లు, వేళకు వండి పెట్టే అమ్మ. కష్టమంటూ ఒక్కటీ లేదు. రాయడానికేమో కష్టాలే కావాలి. అందుకని ఇంటర్నెట్లో ఒక బ్లాగు తెరిచి అందులో ఒంటరితనం గురించీ, మహానగరపు నిర్దయ గురించీ, మానవ జీవితపు శూన్యం గురించీ వారానికి రెండు వ్యాసాలు రాసేవాణ్ణి. (శూన్యం గురించి రాసిన రోజు ఇంట్లో గుత్తివంకాయ కూర. రెండుసార్లు వడ్డించుకున్నాను.) బ్లాగు అడుగున ఎంతమంది వచ్చి చూశారో చెప్పే అంకె ఒకటి ఉండేది. నాలుగు నెలలకు అది నలభై ఒకటి దగ్గర నిలబడిపోయింది. అందులో ముప్పై ఎనిమిది సార్లు వెళ్ళింది నేనే. మిగిలిన మూడింటిలో ఒకటి మా బావ, రెండోదీ మా బావే, మొదటిసారి సరిగ్గా తెరుచుకోలేదట. మూడో మనిషెవరో నాకిప్పటికీ తెలియదు.

ఈ ఘోరాన్ని మొఘల్‌పురా దారిలో ఉన్న నెట్ సెంటర్ భాయ్‌తో చెప్పుకున్నాను. ఆయన నా బ్లాగును పైనుంచి కిందిదాకా చూసి, మళ్ళీ పైకి వచ్చి, పరామర్శకు వచ్చినవాడిలా తల ఊపాడు. "అరె భాయ్, గింత పొడుగు రాస్తె ఎవడు చదువుతడు? పబ్లిక్ కో పఢ్‌నా నై, దేఖ్‌నా హోనా. చదువుడు గాదు, చూసుడు గావాలె. ఏదన్న మస్తు ఫొటో పెట్టు, దాని కింద నీ బ్లాగు అడ్రస్ వెయ్యి. ఫొటో చూసెటోడు సీదా నీ ఇంట్లకే దిగుతడు" అన్నాడు. ఫొటోలు పంచుకునే సైట్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఈ మూల మనం ఫొటో పెడితే ఎక్కడో ఆ మూల వాళ్ళు చూసి, మెచ్చుకుని, కింద ఒక మాట రాసి పోవచ్చు. అక్షరానికి దక్కని మర్యాద బొమ్మకు దక్కడమేమిటని నాకు గుండె ఆగినంత పనైంది. అయినా మర్నాడే బావ దగ్గర డిజిటల్ కెమెరా అడిగి తెచ్చాను. చార్మినార్ తీసి పెడితే ఆరుగురు చూశారు. (చార్మినార్‌ను నాకంటే ముందు ఎవరైనా తీసి ఉంటారేమోనన్న ఆలోచనే రాలేదు.) గాజుల దుకాణాలు పెడితే నలుగురు. ముత్యాల దుకాణం ముందు కెమెరాతో వంగి నిలబడితే ఆ సేట్, "లేనా హై తో లో, నై తో బాజూ హటో" అని గిరాకీకి అడ్డం లేవమన్నాడు.

అప్పుడు నా కన్ను సుక్క మీద పడింది. మా ఇంటికి మూడు గుమ్మాల అవతల, మాకు పాలు పోసే ఆమె ఉండేది, నేను పెద్దమ్మ అనేవాణ్ణి. భర్త పోయాక మూడు బర్రెలను నమ్ముకుని ఇల్లు నడుపుకొస్తున్న మనిషి. వాటిలో నుదుట తెల్లమచ్చ ఉన్నది సుక్క. ఈని వారమైంది. ఆ ఇంటి పాలలో సగం దానివే. కొత్తగా ఈనిన బర్రెను నెల నిండేదాకా పదిమంది కంట పడనివ్వకపోవడం పెద్దమ్మ ఇంటి ఆచారం. కొట్టం ముందు గోనెపట్టా తెర కట్టేది, బర్రె మెడలో నల్లతాడు వేసేది, ఎవరైనా నోరు జారి పొదుగు బాగుందంటే వాళ్ళ ముఖం మీదే థూ థూ అనేది. ఇవన్నీ నాకు బాగా తెలుసు. తెలుసు గనకనే 'మూఢనమ్మకాల చీకటి' అని అంతకుముందే ఒక వ్యాసం రాసి పెట్టాను. "పెద్దమ్మా, సుక్క ఫొటో ఒక్కటి తీసుకుంటాను" అని అడిగితే ఆమె, "ఎవ్వరికి జూపియ్యవు గద బిడ్డా? నీ కాడనే ఉంచుకుంటవా?" అంది. "నా దగ్గరే ఉంటుంది పెద్దమ్మా" అన్నాను. అబద్ధం కాదు, నా దగ్గర కూడా ఉంటుంది కదా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. ఆమె దూడను విప్పడానికి అటు తిరగగానే వెలుతురు చాలడం లేదని గోనె తెర పక్కకు లాగేసి, ఫ్లాష్ వేసి, నొక్కాను. ఆ రాత్రే దాన్ని సైటులో పెట్టి, కింద నా బ్లాగు అడ్రస్ వేశాను.

మర్నాడు నెట్ సెంటర్లో సైటు తెరిచి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మూడు వందల మంది! మూడో రోజుకు రెండు వేలు. వారానికి తొమ్మిది వేలు. ఫ్లాష్ వెలుగులో నల్లగా మెరుస్తున్న సుక్క, తెల్లమచ్చ, పక్కనే వణుకుతున్న దూడ. ఎవరో పుణ్యాత్ముడు దాన్ని ఆ సైటు మొదటి పుటలోకి ఎక్కించాడట. బ్రెజిల్ నుంచి ఒకాయన "ఎంత హుందా అయిన ముఖం" అన్నాడు. జపాన్ నుంచి ఒకావిడ ఆ కళ్ళు చూసి ఏడుపొచ్చిందని రాసింది. ఇక నా బ్లాగు అంకె నలభై ఒకటి నుంచి ఎనిమిది వందలు దాటింది. శూన్యం వ్యాసం కింద మొట్టమొదటి అభిప్రాయం వచ్చి ఉంది. వెంటనే తెరిచాను. "ఈ లిపి చాలా గుండ్రంగా ఉంది. గేదె ఎక్కడ?" అని ఉంది. సిగ్గున్నవాడైతే అక్కడితో ఆగేవాడు. నేను మాత్రం మొదటి సగాన్ని పొగడ్తగా తీసుకుని, రెండో సగాన్ని గిరాకీగా తీసుకుని, ఆ వారమంతా రోజూ తెల్లారగానే పాలు పిండే వేళకే కెమెరాతో కొట్టం దగ్గర హాజరై, గోనె తెర లాగి ఫ్లాష్ వేశాను. "పనికి బోవా బిడ్డా?" అని పెద్దమ్మ అడిగేది గానీ, పొమ్మని మాత్రం అనలేదు. తన కళ్ళముందు పెరిగిన పిల్లవాణ్ణి పొమ్మనడం ఆమెకు చేతకాదు.

ఎనిమిదో రోజు ఆమె మా ఇంటికి వచ్చేసరికి చేతిలో పాలగిన్నె సగానికి తక్కువుంది. ముఖం పీక్కుపోయింది. "సుక్క సేపుతలేదమ్మా. రెండు దినాలాయె. దూడను ఇడిచినా సుక్క పాలు దిగుతలేవు. తన్నుతున్నది" అంది మా అమ్మతో. అప్పుడు మా అమ్మ ఆమెను ఊరడించాలనే అనుకుని (మా అమ్మ జీవితంలో చేసిన పెద్ద పొరపాట్లన్నీ ఊరడించబోయి చేసినవే), "బాధపడకక్కా, మీ సుక్క మామూలు గేదా? మావాడు ఫొటో పెడితే తొమ్మిది వేల మంది చూశారట! దేశదేశాల వాళ్ళూ చూస్తున్నారట!" అనేసింది. నేను లోపల పళ్ళు తోముకుంటున్నవాణ్ణి తోముకుంటున్నట్టే ఆగిపోయాను.

పెద్దమ్మ గుమ్మం మీదే కూలబడింది. "తొమ్మిది వేల మందా?" అంది. "మా బర్రెను గంతమంది ఎందుకు జూసిన్రు? ఆళ్ళ ఊర్లల్ల బర్రెలు లేవా?" అని నన్నడిగింది. "నీ కాడనే ఉంచుకుంట అంటివి గద బిడ్డా" అంది. తిట్టి ఉంటే బాగుండేది. "శుక్రారం దాక జూస్త. గట్లనే ఉంటె అమ్ముడే. సేపని బర్రెకు మేత యాడికెల్లి తేవాలె? సుక్క పోతె నాకేమున్నది?" అని లేచింది. మా అమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. పెద్దమ్మ వెళ్ళాక నా వైపు తిరిగి, "తొమ్మిది వేల మంది దిష్టిరా, సన్నాసీ!" అంది. సంతోషంగా ఆ అంకెను వీధంతా చెప్పి వచ్చింది తనేనన్న సంగతి ఆ క్షణాన ఆవిడకు గుర్తులేదు.

ఆ సాయంత్రమే దిష్టి తీయడం మొదలైంది. కానీ మొదట్లోనే చిక్కు వచ్చింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, గల్లీ దిష్టి అంటూ ఉప్పూ మిరపకాయలూ తిప్పి తీయడం పెద్దమ్మకు కొట్టిన పిండి. "తెలిసినోళ్ళదైతె గట్ల పోతది. గీళ్ళ పేర్లు తెల్వవాయె. పేరు వెట్టి పిలువకుంటె ఎట్ల పోతది?" అంది. నేను నెట్ సెంటర్‌కి పరుగెత్తి, ఫొటో కింద మాటలు రాసినవాళ్ళ పేర్లన్నీ కాగితాల మీద తీయించుకొచ్చాను. (భాయ్ కారణం విని నవ్వుతాడనుకున్నాను. "నజర్ తో లగ్‌తీచ్ హై భాయ్, జల్దీ జా" అని, దిష్టి తగలక మానదన్నట్టు తనే కాగితాలు సర్ది ఇచ్చాడు.) కొట్టం ముందు నిలబడి, మూఢనమ్మకాల మీద వ్యాసం రాసిన నేను గొంతెత్తి చదివాను. "బ్రెజిల్ రికార్డో దిష్టి, జపాన్ మిచికో దిష్టి, సన్‌షైన్ డెబ్బై మూడు దిష్టి..." ఒక్కో పేరుకూ పెద్దమ్మ ఒక్కో చుట్టు తిప్పింది. రెండు వందల పేర్లు. గల్లీలో సగం మంది చేరారు. చివరికి మిరపకాయలు నిప్పుల్లో వేశారు. దిష్టి ఉంటే ఘాటు రాదు, లేకపోతే దగ్గొస్తుంది. దగ్గొస్తే నేను నిర్దోషిని. దేవుడా, ఒక్క దగ్గు, అని ఊపిరి గట్టిగా పీల్చాను. గాలి ఎటు వీచిందో ఏమో, ఎవరికీ ఏమీ రాలేదు. అందరూ నా వైపు చూశారు.

మర్నాడూ సుక్క సేపలేదు. "ఆ బొమ్మ అండ్లనే ఉన్నదా ఇంక? చూస్తనే ఉన్నరా? తీసెయ్యి బిడ్డా" అని పెద్దమ్మ అడిగింది. తీసేస్తానన్నాను. తీయలేదు. ఇది చెప్పడానికి ఇప్పటికీ నా మొహం ఎర్రబడుతుంది. ఆ ఒక్క ఫొటో పోతే నా బ్లాగుకు దారి మూసుకుపోతుంది. శుక్రవారానికి ఇంకా రెండు రోజులుంది, ఈలోగా దానంతటదే సేపకపోతుందా అనుకున్నాను. ఒక ఆడమనిషి బతుకుతెరువు ఒక పక్క, నా శూన్యం ఒక పక్క పెట్టి తూచుకుంటూ, శూన్యమే బరువుగా ఉందనుకున్న వయసది.

గురువారం పశువుల డాక్టరు వచ్చాడు. ఆయన చదువుకున్నవాడు, నన్ను కాపాడతాడని ముందుకెళ్ళి నిలబడ్డాను. ఆయన పొదుగు నొక్కి చూశాడు, జ్వరం చూశాడు, కొట్టం చుట్టూ చూశాడు. "రోగమేం లేదు. బర్రె బెదిరింది. ఈనిన బర్రెకు చీకటుండాలె, రోజూ చూసే మనిషే ఉండాలె. ఈ గోనె తెర ఎవరు పీకిన్రు? పాలు పిండేటప్పుడు కొత్తోడెవడన్న వస్తున్నడా?" అన్నాడు. పెద్దమ్మ, మా అమ్మ, వచ్చిన నలుగురూ, చివరికి దూడ కూడా నా వైపే చూసినట్టనిపించింది. దిష్టి లెక్కన చూసినా, డాక్టరు లెక్కన చూసినా దొంగను నేనే. పారిపోవడానికి శాస్త్రం కూడా దారి వదల్లేదు. ఆఫీసుకు సెలవు చెప్పి నెట్ సెంటర్‌కి వెళ్ళి ఫొటో తీసేశాను. సుక్కవి ఇంకో ముప్పై ఉంటే అవీ తీసేశాను. భాయ్ వెనకనుంచి, "సాఢే గ్యారా హజార్ భాయ్..." అని, పదకొండున్నర వేల చూపులు పోయినందుకు నిట్టూర్చాడు. ఇంటికొచ్చి గోనె తెరను నా చేతులతో మళ్ళీ కట్టాను. బర్రెకు కనబడకుండా, బయటినుంచి.

శుక్రవారం పొద్దున నేనూ అమ్మా కొట్టం తెరకు కాస్త ఇవతలే ఆగిపోయాం. తెర వెనక చాలాసేపు చప్పుడు లేదు. తరువాత గిన్నెలో సన్నగా ధార పడిన చప్పుడు, మళ్ళీ ఇంకోటి. మా అమ్మ ఏడ్చేసింది. ఇంతకీ దిష్టి పోయినందుకా, ఫ్లాష్ పోయినందుకా అని నేనెవరితోనూ వాదించలేదు. బ్లాగు అంకె మాత్రం ఆ రోజు నుంచి కదలడం మానేసింది.

నెల నిండి తెర తీసేశాక పెద్దమ్మ ఒకరోజు కొట్టం అరుగు మీద కూర్చోబెట్టి, "నా బర్రె కోసం నీ రాతలు చదివేటోళ్ళంత పోయిరట గద. మీ అమ్మ చెప్పింది. ఏం రాస్తవు బిడ్డా? నాకు చదివి వినిపియ్యి" అంది. కొత్త వ్యాసం కాగితం మీద ఉంది. గొంతు సవరించుకుని చదివాను. ఈ మహానగరంలో నాకెవరూ లేరని, నేను ఏడ్చినా వినే చెవి లేదని, నా గుమ్మం తొక్కే మనిషి లేడని, రెండు పేజీలు. ఆమె చేతిలో పని పక్కన పెట్టి చివరిదాకా విన్నది. నేనెన్నడూ చూడని పాఠకుడు ఇలాగే వింటాడని అంతకాలం ఊహించుకున్నాను. చదవడం అయ్యాక తలెత్తితే ఆమె కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"గిట్ల రాసినవేంది బిడ్డా? ఎవ్వరు లేరా నీకు?" అంది. నా వాక్యాలను ఆమె నిజమని నమ్మింది. "రోజు పొద్దుగాల నీ గుమ్మం తొక్కుతున్న గద. మరి నేనెవరు?"

నా మీద పదకొండు వేల మంది దిష్టి పడినా అంత కంగారు పడేవాణ్ణి కాదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ తరువాత చాలా రాశాను, కొందరు చదివారు కూడా. కానీ రాసింది మొత్తం నమ్మి, నా కోసం ఏడ్చిన మనిషి ఆమె ఒక్కతే. ఆమెకు చదివి వినిపించింది మాత్రం పచ్చి అబద్ధం. ఆ అరుగు మీద తల దించుకుని కూర్చున్న ఇరవై మూడేళ్ళ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త సిగ్గేస్తుంది. "మీరున్నారు పెద్దమ్మా" అని ఆ ఒక్క మాట అనడానికి వాడికి తెలుగు రాకపోయింది.