ఓబులేసును దింపమంటారా, బావా?

మొన్న ప్రొద్దుటూరులో డాక్టరు దగ్గరికి వెళితే, బీపీ చూసే అమ్మాయి నా చేతికి పట్టీ చుట్టి, కాసేపు కాలు ఆడించకుండా కూర్చోమ్మా, లేకపోతే లెక్క తప్పొస్తుంది అంది. నేను కుదురుగానే కూర్చున్నాననుకున్నాను గానీ, నా కుడికాలు కుట్టుమిషను తొక్కుతున్నట్టు తన పాటికి తాను ఆడుతూనే ఉంది. మళ్లీ చూసింది, మళ్లీ అంతే, చివరికి ఆ అమ్మాయే విసిగిపోయి ఏదో ఒక అంకె రాసుకుని పంపించేసింది. ఉద్యోగమంతా ఆడపిల్లల చేత పరుగులు పెట్టించిన ఆటల టీచరును కదలకుండా కూర్చోమంటే ఎలా కుదురుతుంది చెప్పండి. బయట ఆటో కోసం నిలబడి ఉంటే, చేసేదేమీ లేక ఇలాగే కాలు ఆడించుకుంటూ గడిపిన కొన్ని సాయంత్రాలు గుర్తొచ్చాయి. ఆ సాయంత్రాల్లో అవతల పులివెందులలో తువ్వాలు నలుపుకుంటూ నా ఫోను కోసం ఎదురుచూసిన మా బావగారు కూడా గుర్తొచ్చారు.

బావగారంటే మా ఆయనకు అన్న. నా పుట్టిల్లు జమ్మలమడుగు, ఉద్యోగం కూడా చాలాకాలం అక్కడే. కాపురం ప్రొద్దుటూరు, అత్తగారి ఊరు పులివెందుల. రాష్ట్రం రెండుగా చీలిన కొత్తల్లో, పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పిస్తూ, నా వయసెంతో మరిచిపోయి ఎగిరి దిగేసరికి మోకాలు పుటుక్కుమంది. ఆపరేషను చేసి, కాలు చాపుకుని ఇంట్లో కూర్చోమన్నారు. పొద్దున్నే జమ్మలమడుగు బస్సు ఎక్కడం అలవాటైన మనిషిని ఇంట్లో కూర్చోబెడితే ఏమవుతుందో మా ఆయనను అడగాలి. గిన్నెలు సర్దినవే సర్దాను, పనిమనిషితో పోట్లాడాను, పక్కింటివాళ్ల గోడ వంకరగా ఉందని వాళ్లకు చెప్పి వచ్చాను. నా పోరు పడలేక మా చెల్లెలి కూతురు, అప్పుడు ఇంజినీరింగ్ చదువుతుండేది, తన పాత లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, పెద్దమ్మా, నువ్వు ఇందులో ఒక జట్టును ఆడించుకో, మమ్మల్ని వదిలెయ్ అంది.

అది ఇంటర్నెట్‌లో నడిచే బాస్కెట్‌బాల్ లీగు. బంతీ లేదు, మైదానమూ లేదు, ఉన్నదల్లా పేర్లూ అంకెలే. మన జట్టులో ఎవరికి ఎంత గురి, ఎంత ఎత్తు, ఎంత దమ్ము అన్నవి అంకెల్లో చూపిస్తారు. సాయంత్రం గడువులోపల ఏ ఐదుగురిని దింపాలో మనం చెప్పాలి, తర్వాత కంప్యూటరే రెండు జట్లనూ ఆడించి, ఎవరు ఎలా ఆడారో రాసి పెడుతుంది. ఒకసారి గడువు దాటిందంటే మనం అరవడానికి లేదు, ఈల వేయడానికి లేదు, నోరు మూసుకుని కూర్చోవడమే. నాలాంటి మనిషికి ఇంతకంటే పెద్ద శిక్ష లేదు, అయినా వదిలిపెట్టలేకపోయాను. ఇంకో సంగతి, మన మూడు నాలుగు నెలలు గడిస్తే వాళ్లకు ఒక ఏడాది వయసు పెరుగుతుంది. పద్దెనిమిదేళ్లకు వచ్చిన కుర్రవాడు మన కళ్ల ముందే ముదిరి, దమ్ము తగ్గి, ఒకరోజు ఆట మానేస్తాడు.

మొదట్లో నా జట్టులో ఉన్న పేర్లన్నీ సింగులూ శర్మలూ యాదవులే. మన దేశం జట్టు అని నమోదు చేస్తే కంప్యూటరు ఉత్తరాది పేర్లన్నీ ఏరి ఇచ్చినట్టుంది. వాళ్ల మధ్యలో ఎక్కడినుంచి ఊడిపడ్డాడో గానీ ఒక కుర్రవాడి పేరు ఓబులేసు. ఏ కడప జిల్లా మనిషి ఆ కంప్యూటరు చెవిలో ఆ పేరు ఊదాడో నాకు ఇప్పటికీ తెలియదు. చూసి నవ్వుకున్నాను, అంతే, పెద్దగా పట్టించుకోలేదు.

పట్టించుకున్నది బావగారు. కంట్లో శుక్లం తీయించుకోవడానికి ప్రొద్దుటూరు వచ్చి, కంటికి పట్టీతో కొన్నాళ్లు మా ఇంట్లో ఉన్నారు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆయనా నేనూ మాట్లాడుకున్న మాటలు పోగేస్తే ఒక పోస్టుకార్డు నిండదు. ఆయన వస్తే నేను వంటింట్లోకి, నేను వస్తే ఆయన వీధిలోకి. ఒకప్పుడు చేని గట్టు తగాదా వచ్చినా, బోరు నీళ్ల వంతు తేలకపోయినా, పెళ్లి మాటలు బెడిసినా ఆయన మంచం దగ్గరికే వచ్చేవాళ్లు. ఆయన మాటంటే మాట. రానురాను పొలాల పని ఆఫీసులకూ, కొట్లాటల పని పోలీసు స్టేషనుకూ, పెళ్లిళ్ల పని ఫోన్లకూ పోయింది. ఎవరూ ఆయనను అవమానించలేదు, ఎదురుపడితే నమస్కారం పెట్టేవారు, కాకపోతే అడగడం మానేశారు. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే తెల్లచొక్కా తొడుక్కుని ఎవరో వస్తారన్నట్టు వాకిట్లో అటూ ఇటూ తిరిగేవారని, మా తోడికోడలు, నేను అక్కా అని పిలుస్తాను, నాతో చెప్పి బాధపడేది.

ఆ పట్టీ రోజుల్లో నేను మ్యాచి సంగతులు నాలో నేను చదువుకుంటుంటే ఆయన చెవిన పడింది.

"ఎవురు పాపా ఆ ఓబులేసు? యాడోడు?"

నన్ను ఆయన పిలిచేది పాపా అనే. కంప్యూటరు పుట్టించిన మనిషి బావా, ఊరూ పేరూ లేదు అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "పేరు ఉండాది గదా, ఊరు ఎట్ల ల్యాకుండా పోతాది? ఓబులేసంటే మనోడే. సింహాద్రిపురం పక్క అయ్యుంటాడు."

ఆ రోజు నుంచి ఇంగ్లీషులో ఉన్న వివరమంతా తెలుగులో చెబుతుంటే ఆయన రేడియో విన్నట్టు వినేవారు. పట్టీ విప్పి పులివెందుల పోయాక కూడా, సాయంత్రం కాగానే ఫోను వచ్చేది. "ఓబులేసును దింపుతాండావా?" అదే మొదటి మాట. ఆయన ఇంటి ముందు చేరే నలుగురైదుగురు ముసలివాళ్లు సైతం ఓబులేసుది ఏ ఊరని వాదించుకునేవారట. ఒకాయన ముద్దనూరు అంటే ఇంకొకాయన చక్రాయపేట అని పంతం పట్టి, రెండు రోజులు మాటలు మానుకున్నారని అక్క నవ్వుతూ చెప్పింది. నేనూ అలవాటు పడిపోయాను. జట్టు వేసే ముందు ఫోను చేసి, ఈరోజు ఓబులేసును దింపమంటారా బావా అని అడిగేదాన్ని. ఆయన గొంతు సవరించుకుని, దింపు అనేవారు. ఆ ఒక్క మాట చెప్పడానికి ఆయన తువ్వాలు భుజాన వేసుకుని లేచి నిలబడతారని తర్వాత తెలిసింది.

అబద్ధమెందుకు, ఓబులేసు కూడా ఆ నమ్మకం నిలబెట్టాడు. ఏడాదికేడాది గురి పెరిగింది, మధ్యలో కోటగోడలా నిలబడేవాడు. కింది తరగతి లీగులోంచి ఒక్కో మెట్టూ ఎక్కి, దేశదేశాలవాళ్లు ఆడే పై లీగుకు చేరాం. అక్కడ ఒకసారి ఫైనల్ దాకా పోయి ఓడిపోయాం. అప్పటికే ఓబులేసుకు ముప్పై దాటింది. చివరి భాగంలో దమ్ము చాలక, వాడి చేతిలోంచి బంతి లాక్కుని పోయారని వివరంలో రాసి ఉంది. బావగారికి ఆ ముక్క మాత్రం కాస్త మెత్తగా చదివి వినిపించాను.

ఆట లెక్కలో తర్వాతి ఏడు మళ్లీ ఫైనల్‌కు వచ్చాం. అప్పటికి నేను ఎప్పటినుంచో మళ్లీ బడికి పోతున్నాను గానీ, మైదానంలో కుర్చీ వేసుకుని కూర్చోవడమే నా పని. అవతలి జట్టు మేనేజరు ఏదో చలిదేశం మనిషి, వాళ్ల కుర్రవాళ్లందరూ గుర్రాలు. బావగారికి కంగారు పట్టుకుంది. ఆ కంప్యూటరు ఎవురి పక్క అని అడిగారు. ఎవరి పక్కా కాదు బావా అంటే, అట్లాంటోడు లోకంలో ఉంటాడా అన్నారు. అవతలాయనకు ఒక మాట పంపి పెద్దమనుషుల మాదిరి మాట్లాడుకుందామా అని కూడా అన్నారు. నేను నవ్వాను గానీ, నా కంగారు నాకుంది. ఎన్నిసార్లు లెక్క వేసినా ఓబులేసును దింపితే ఓడిపోవడం ఖాయం. వాడిని కూర్చోబెడితే గెలవొచ్చు. కూర్చోబెడతాను బావా అని ఆ మనిషికి ఎలా చెప్పాలి? లోకంలో ఆయన మాట చెల్లే చోటు అదొక్కటే మిగిలింది, అది కూడా నా చేతుల మీదుగా పోవాలా? రెండు రోజులు అన్నం సయించలేదు. గెలవాలనే పిచ్చి నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. జమ్మలమడుగు వీధుల్లో తొక్కుడుబిళ్ల ఓడిపోయినా జ్వరం తెచ్చుకునేదాన్ని. ఆయన ముఖం గుర్తొస్తే ఆ పిచ్చి కూడా చల్లబడేది. మా ఆయనను అడిగితే, లేని మనిషి కోసం ఉన్న మనుషులిద్దరూ చస్తున్నారు అని పేపరు మడిచి లేచిపోయారు.

ఫైనల్ రోజు ఆదివారం. పొద్దున్నే పులివెందుల బస్సు దిగి, సంచి నిండా చీనీకాయలతో, అదే బత్తాయిలతో, బావగారు గుమ్మంలో నిలబడ్డారు. ముందు రోజు ఫోనులో వస్తున్నానని ఒక్క మాట అనలేదు. కాఫీ తాగి, ఆ పెట్టె తెరువు పాపా అన్నారు. తెరిచాను. ఓబులేసు పేరు యాడుంది చూపించమన్నారు. చూపించాను. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఒకప్పుడు మంచం మీద కూర్చుని తీర్పు చెప్పేటప్పటి గొంతుతో, ఆ పేరుతో మాట్లాడారు.

"ఓబులేసూ, శానా మోసినావప్పా. నీకు తెలీంది ఏముండాది, దమ్ము తగ్గిపాయ. పోయినసారి ఈ పాప నాకు మెత్తగా చెప్పింది గానీ, నాకు అర్థం కాకపోల్యా. ఈ పొద్దు ఆ పిల్లోళ్లను ఆడనీ. నిన్ను వద్దనేది కాదు, కూచ్చోమనేది."

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మా ఆయన గడప దగ్గర నిలబడి ఏదో హాస్యమాడబోయి ఆగిపోయారు. బావగారు తువ్వాలుతో ముఖం తుడుచుకుని నా వైపు తిరిగారు. ఎట్లా చెప్పల్లో తెలీక నువ్వు తిప్పలు పడతాంటావని వచ్చినా, వానికి చెప్పేది నేనే చెప్పల్ల గదా అన్నారు. మరి వాడి చోట ఎవరిని దింపమంటారు బావా అని అడిగాను. "అది నన్నడగొద్దు. ఆట నీది." పెళ్లయి వచ్చిన ఇన్నేళ్లలో, అత్తింటివాళ్లు ఒక సంగతి నాకు వదిలిపెట్టడం అదే మొదలు.

సాయంత్రం గడువు దాటింది. ఆయన మిద్దె మీద, నేను హాల్లో, బాగున్న కాలూ బాగులేని కాలూ రెండూ అరిగేలా తిరిగాం. గెలిచాం. కేక వేస్తే ఆయన మెట్లు దిగి వచ్చి, ఆ కంప్యూటరు ఓబులేసును చివర్లో ఒక్క నిమిషమైనా దింపిందా అని అడిగారు. లేదు బావా అన్నాను. తలూపి, చీనీకాయ ఒలిచి తొనలు మా ముగ్గురికీ పంచారు. గెలిచినందుకు మేం చేసుకున్న పండుగ అంతే.

ఆ ఏడాది చివర ఓబులేసు పేరు జాబితాలోంచి పోయింది. ఫోనులో బావగారికి చెప్పాను. "చెప్పి పోయినాడా?" అన్నారు. అక్కడ చెప్పడాలు ఉండవు, ఉన్న పేరు మరునాటికి ఉండదు, అంతే. కానీ, చెప్పే పోయాడు బావా అన్నాను.

ఆ తర్వాత కూడా ఫోను మానలేదు. కొత్త కుర్రవాళ్ల పేర్లకు ఆయన నోరు తిరిగేది కాదు, ఆ పొడుగోడు, ఆ ఎడమచేతోడు అని గుర్తులు పెట్టుకున్నారు. దింపమంటారా అంటే, నీకు తెలుసు గదా అనేవారు, అయినా అడగకపోతే ఊరుకునేవారు కాదు. నేను ఉద్యోగం నుంచి దిగిపోయాను, మోకాలు ఇంకోసారి కోయించుకున్నాను, ఫోను మాత్రం సాయంత్రం అయ్యేసరికి మోగేది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం, భోంచేసి పడుకున్న మనిషి లేవలేదు.

దినాలయ్యేదాకా పులివెందులలో ఉన్నాను. వచ్చినవాళ్లంతా ఆయన చెప్పిన తీర్పుల గురించే మాట్లాడుకున్నారు. ఇన్నేళ్లూ ఎక్కడ పోయారయ్యా అని అడగాలనిపించి నోరు కట్టేసుకున్నాను. ఇప్పుడు ఏ సంగతైనా ఒకరిని అడిగి చేసేదేముంది? ఫోనులో వేలు పెడితే దారి చెబుతుంది, పొలం కొలత చెబుతుంది, పెళ్లికొడుకును కూడా చూపిస్తుంది. అవన్నీ సరిగ్గానే చెబుతాయి, అందుకు ఎవరినీ తప్పుపట్టలేం. నా చోటికి వచ్చిన ఆటల టీచరమ్మ కూడా మంచిదే, పిల్లలు బాగా ఆడుతున్నారని విన్నాను. ఒక్కసారి ఫోను చేసి, మేడమ్, ఈ పిల్లను దింపమంటారా అని అడుగుతుందేమోనని, సాయంత్రం అయ్యేసరికి నాకు కాలు నిలవదు.

పులివెందుల నుంచి తిరిగి వచ్చి లాప్‌టాప్ తెరిచాను. ఇన్ని రోజులు జట్టు వేయలేదు, వరసగా ఓడిపోయి ఉంటామని అనుకున్నాను. గడువులోపల మనం చెప్పకపోతే కంప్యూటరే ఐదుగురిని ఎంచి దింపుతుందట, ఆ ఏర్పాటు ఎప్పుడు పెట్టారో నేను గమనించలేదు. ఆయన పోయిన రోజు కూడా ఆడారు. అన్నీ గెలిచారు, పెద్ద తేడాతో గెలిచారు. బతుకంతా పిల్లల చేత గెలుపు కోసమే పరుగులు పెట్టించినదాన్ని, నా జట్టు ఆ ఒక్కరోజైనా ఓడిపోయి ఉంటే బాగుండేదని కూర్చుని ఏడ్చాను.