గుమ్మడికాయ మోసిన స్లాబు

ఉదయం తొమ్మిదీ పదికి మూసాపేటలో మెట్రో ఎక్కాను. కొండాపూర్ దగ్గరి పాత రాతి గ్రంథాలయాన్ని చూసుకునే యాదమ్మ, పాత కట్టడాల గురించి పత్రికలో రాసే నాకు ముందురోజు ఫోన్ చేసింది. "సార్, వరండా స్లాబు పెచ్చులూడుతుంది. కింద పిల్లలు ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్రు. మా అధ్యక్షుడు ఇంటలేడు. జర మీరొచ్చి చెప్పుండ్రి."

అమీర్‌పేటలో రైలు మారి, హైటెక్ సిటీలో దిగి, ఆటోలో పదింబావుకు చేరాను. రాతి గోడలకు ఢోకా లేదు. తర్వాతెప్పుడో పోసిన వరండా స్లాబుకే చావొచ్చింది. లోపలి కమ్ములు తుప్పుపట్టి ఉబ్బి, కాంక్రీటును చీల్చుకుని బయటికొచ్చాయి. ఒక కమ్మికి పెద్ద బూడిద గుమ్మడికాయ కట్టారు. దాని కిందే పిల్లల బల్లలు. హాల్లో పాత గచ్చు అరిగిపోతుందని తాళం వేశారట!

కమిటీ అధ్యక్షుడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ ఉద్యోగి. "రక్షిత కట్టడమండి. మేకు కొట్టాలన్నా అనుమతి కావాలి. స్లాబుకు ఆసరాగా కింద జాకీలు నిలబెడితే అందం పోదూ?"

"గుమ్మడికాయకు అనుమతి ఎవరిచ్చారండి?"

"అది దిష్టికండీ!"

"బాగానే పనిచేస్తోంది. అందరూ కాయనే చూస్తున్నారు. పగులు ఎవరికీ కనబడటం లేదు."

పిల్లలను లేపి, పొడవాటి కర్రతో స్లాబు అంచున తట్టాను. బోలు చప్పుడు. దోసెడు పెచ్చు ఊడి బల్ల మీద పడింది.

"ఈరోజు కమిటీ సమావేశం ఈ కాయ కిందే పెట్టుకుందామండి," అన్నాను.

ఆయన తలెత్తి చూశాడు. కుర్చీ ఎత్తుకుని ఎండలోకి నడిచాడు.

"మీరు లేస్తే పిల్లలు లేవొద్దా సార్? ఇగ తాళంచెయ్యి ఇయ్యుండ్రి," అంది యాదమ్మ. ఇచ్చాడు.

ఆమె పెట్టిన జొన్నరొట్టె తింటుండగా నేను ఫోన్ చేసి పిలిచిన, నాకు తెలిసిన ఇంజనీరు ఇనుప జాకీలతో వచ్చాడు. "ముందు ఆ బరువు దించండి," అన్నాడు. దిష్టికాయను ముట్టుకోవడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. నేనే తాడు కోసి, కాయను సంచిలో వేసుకున్నాను. అతను గచ్చు చెడకుండా చెక్కలు పరిచి, ఒక్క మేకూ కొట్టకుండా జాకీలు నిలబెట్టాడు. మరమ్మతు అనుమతికి కాగితం కూడా రాసిచ్చాడు. ఇది చదివి మీరు వెళ్తే మాత్రం వరండా కిందికి పోకుండా పక్క గుమ్మం గుండా వెళ్లండి.

సాయంత్రం ఐదూ నలభై రైలులో కాలు పెట్టే చోటు లేదు. యాదమ్మ ఫోన్ చేసింది. "పిల్లలు హాల్ల కూసున్నరు సార్. ఫికర్ లేదు."

సీట్లో కూర్చున్నాయన నా సంచిలోకి తొంగిచూశాడు. "కొత్తిల్లు కట్టిన్రా సార్?"

"లేదు. పాత స్లాబుకు కట్టిన దిష్టికాయ, దించి తెస్తున్నాను. రేపు పులుసు."

ఆయన చటుక్కున లేచి తలుపు దగ్గరికి పోయాడు. ఆ సీట్లో కూర్చుని, కాయను ఒళ్లో పెట్టుకున్నాను. దానికి కాస్త మహిమ ఉందని అమీర్‌పేట దాకా ఒప్పుకున్నాను.