మా ఆవిడ ఫోనుకున్న రెండో తాళం

మా ఆవిడ మంచాల దగ్గరి ఒక ఊళ్లో ఆశా కార్యకర్త. నాది ఇబ్రహీంపట్నంలో సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం. ఈ మధ్యాహ్నం ఆమె నాకు అన్నం డబ్బా తెచ్చిన సమయానికే, ఆ ఊరి పెద్దమ్మ ఒకామె బస్సు దిగి దుకాణానికి వచ్చింది. ఫోన్లు బాగుచేసేవాడికి అందరి మెసేజ్‌లూ కనిపిస్తాయని ఆమె నమ్మకం.

“నా కోడలు నీ పెండ్లానికి ఏం రాస్తున్నదో జర చూసి చెప్పు బిడ్డా,” అంది.

నేను ఉత్సాహంగా పాఠం మొదలుపెట్టాను. రాసిన మాట కోడలి ఫోనులోనే తాళం పడి బయలుదేరుతుందని, మధ్యలో యాప్ కంపెనీ కూడా దాన్ని చదవలేదని, మా ఆవిడ ఫోనుకు చేరాకే తెరుచుకుంటుందని చెప్పాను.

పెద్దమ్మ అంతా విని మా ఆవిడ వైపు తిరిగింది. “గా ఫోను నీ చేతిలనే ఉన్నది గదా. చూపియ్.”

మా ఆవిడ తడుముకోలేదు. “చూపియ్య పెద్దమ్మా. రేపు నీ ముచ్చట నీ కోడలు అడిగినా గిట్లనే చెప్త.”

పెద్దమ్మ కొంగులోంచి తన ఫోను తీసింది. “అయితే నీ నంబరు ఇందుల ఎక్కియ్. నాకూ ఒక ముచ్చట ఉన్నది. కోడలికి చెప్పకు.”

సాయంత్రం ఆ ముచ్చటేంటని అడిగాను. కూరలో ఉప్పు సరిపోయిందా అంది మా ఆవిడ.

మొగుడికి కూడా తెరుచుకోని తాళం అది. గర్వంగా ఉంది. కానీ నిద్ర పట్టేలా లేదు. మీకైతే పట్టేదా?